గ్రీన్‌వుడ్ క్లెయిమ్ ఫైల్: "అల్లర్లు" అనే ఒక్క మాట మీద మూసేసిన 1921 నష్టం

నేను డల్లాస్ ఏరియాలో ప్రాపర్టీ క్లెయిమ్స్ అడ్జస్టర్‌ని, ఇక్కడికి రాకముందు హైదరాబాద్‌లో ఒక సర్వేయర్ గారి దగ్గర నాలుగేళ్లు ఫైర్ లాస్ పనే చేసా, అంటే కాలిపోయిన ఇళ్లూ షాపులూ తిరిగి చూడటం, ఏం పోయిందో రాసుకోవటం, ఎంత ఇవ్వాలో లెక్కేయటం, ఇరవై ఏళ్లుగా ఇదే నా బతుకుతెరువు. ఈ ఫీల్డ్‌కి కొత్తగా వస్తున్న మన తెలుగు పిల్లలకి వీకెండ్స్‌లో క్లాసులు చెప్తుంటా, వాళ్ల కోసం రాసుకున్న నోట్సే ఇది, కాస్త పెంచి పెడుతున్నా. కేసు వందేళ్ల నాటిది. ఓక్లహోమాలో టల్సా ఊరు, అందులో గ్రీన్‌వుడ్ అనే నల్లజాతి పేట, 1921 మే 31 రాత్రి మొదలై జూన్ 1 మధ్యాహ్నానికి బూడిదైపోయింది.

దీన్ని ఊచకోతగా చాలామంది రాసారు, రాయాలి కూడా. నేను మాత్రం నాకు తెలిసిన వైపు నుంచే చూస్తా: ఇదొక క్లెయిమ్ ఫైల్ అయితే ఎక్కడ తెరిచారు, ఎవరు మూసారు, ఏ మాట రాసి మూసారు. ఈ ఊరు దీన్ని ఎలా మర్చిపోయిందో అర్థం కావాలంటే ఆ కాగితాలు చూడాల్సిందే అని నా గట్టి నమ్మకం.

మంటకి ముందు ఏముంది

మన పనిలో మొదటి ప్రశ్న ఏం కాలింది అని కాదు, కాలకముందు ఏముండేది అని. 1906లో ఓ.డబ్ల్యూ. గుర్లీ అనే నల్లజాతి వ్యాపారి టల్సాలో రైలు పట్టాలకి ఉత్తరాన 40 ఎకరాలు కొని నల్లవాళ్లకే ప్లాట్లు అమ్మాడు, అక్కడ మొదలైంది. టల్సాలో ఆయిల్ డబ్బు పొంగుతున్న రోజులవి. నల్లవాళ్లు తెల్లవాళ్ల ఇళ్లలోనూ హోటళ్లలోనూ పని చేసి సంపాదించేవాళ్లు, వేర్పాటు చట్టాల వల్ల ఆ జీతం తెల్లవాళ్ల షాపుల్లో ఖర్చు పెట్టే వీలు పెద్దగా లేదు, దాంతో సంపాదన చాలావరకు తిరిగి గ్రీన్‌వుడ్‌కే వచ్చేది. 1921 నాటికి అక్కడ సుమారు పదివేల మంది ఉన్నారు. జె.బి. స్ట్రాడ్‌ఫోర్డ్ కట్టిన 54 గదుల హోటల్, జాన్, లూలా విలియమ్స్ దంపతుల డ్రీమ్‌ల్యాండ్ థియేటర్, వాళ్లదే ఒక మిఠాయి షాపు, ఒక కార్ల గ్యారేజీ, ఎ.జె. స్మిథర్‌మన్ నడిపే టల్సా స్టార్ పేపర్, దేశంలోనే పేరున్న సర్జన్ డాక్టర్ ఎ.సి. జాక్సన్. మౌంట్ జయన్ బాప్టిస్ట్ చర్చి కొత్త బిల్డింగ్ అయితే తెరిచి రెండు నెలలు కూడా కాలేదు, దాని మీద 50,000 డాలర్ల అప్పు అలాగే ఉంది. ఈ చర్చి అప్పు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తా.

లాస్ ఎలా జరిగింది

ఇది చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తా. మే 30న డ్రెక్సెల్ బిల్డింగ్ లిఫ్ట్‌లో డిక్ రోలాండ్ అనే 19 ఏళ్ల బూట్ పాలిష్ కుర్రాడికీ, లిఫ్ట్ నడిపే సారా పేజ్ అనే తెల్ల అమ్మాయికీ మధ్య ఏదో జరిగిందని కేకలు వినిపించాయి, మర్నాడు అరెస్ట్ చేసారు, ఆ సాయంత్రం టల్సా ట్రిబ్యూన్ పేపర్ మొదటి పేజీలో వేసింది, చీకటి పడేసరికి అతన్ని ఉంచిన కోర్టు ముందు తెల్ల గుంపు. అంతకు ముందు ఏడాది ఆగస్టులోనే ఇదే ఊళ్లో రాయ్ బెల్టన్ అనే ఒక తెల్ల ఖైదీనే జైల్లోంచి లాక్కెళ్లి ఉరేసారు, తెల్లవాడికే దిక్కు లేకపోతే మనవాడి సంగతేంటని గ్రీన్‌వుడ్ వాళ్లు, అందులో మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన వాళ్లూ ఉన్నారు, తుపాకులు పట్టుకుని కోర్టు కాపలాకి వెళ్లారు. పెనుగులాటలో ఒక తుపాకీ పేలింది, అక్కడి నుంచి ఆగలేదు. పోలీసులు వందల మంది తెల్లవాళ్లని అప్పటికప్పుడు స్పెషల్ డెప్యూటీలుగా, అంటే పోలీసు అధికారం ఉన్న సహాయకులుగా చేసేసారు. తెల్లారగానే వేల మంది పట్టాలు దాటి గ్రీన్‌వుడ్‌లోకి దిగారు, ఇల్లిల్లూ ఖాళీ చేయించి, దోచుకుని, తర్వాత నిప్పు పెట్టారు. మంటలార్పటానికి వచ్చిన ఫైర్ సిబ్బందిని గుంపు తుపాకులు చూపించి వెనక్కి పంపింది. డాక్టర్ జాక్సన్ చేతులు పైకెత్తి సొంత ఇంట్లోంచి బయటికొస్తుంటే కాల్చేసారు. సారా పేజ్ చివరికి కేసు పెట్టనే లేదు, రోలాండ్ మీద కేసు ఆ సెప్టెంబర్‌లోనే కొట్టేసారు.

మేరీ పారిష్ అనే ఒకావిడ గ్రీన్‌వుడ్‌లో టైపింగ్ నేర్పించేది. ఆ రాత్రి క్లాసు అయిపోయాక పుస్తకం చదువుకుంటూ కూర్చుంది, కిటికీ దగ్గరున్న కూతురు "అమ్మా, తుపాకులు పట్టుకున్న మగాళ్లు కనిపిస్తున్నారు" అంది. ఆవిడ పిల్లతో ప్రాణాలు దక్కించుకుని తర్వాత తనలాంటి వాళ్ల మాటలన్నీ పోగేసి అచ్చేయించింది. లాస్ జరిగిన వెంటనే స్టేట్‌మెంట్లు తీసుకోవాలి, ఆలస్యమైతే మసకబారిపోతాయి అని మేం చెప్పేది ఇందుకే. ఊళ్లో ఏ ఆఫీసూ చేయని పని ఒక టైపింగ్ టీచర్ చేసింది.

లెక్క

35 బ్లాకులు కాలాయి. రెడ్‌క్రాస్ లెక్కలో 1,256 ఇళ్లు తగలబడ్డాయి, ఇంకో 215 ఇళ్లు కాల్చకుండా దోచుకున్నారు. చనిపోయిన వాళ్లు కాగితాల మీద మూడు డజన్లు, చరిత్రకారులు వేసే అంచనా 300 దాకా వెళ్తుంది. బతికిన వాళ్లలో వేల మందిని కన్వెన్షన్ హాల్లో, బేస్‌బాల్ గ్రౌండ్లో, ఫెయిర్‌గ్రౌండ్స్‌లో కాపలా పెట్టి ఉంచారు, ఎవరైనా తెల్ల యజమాని వచ్చి మా మనిషే అంటేనే బయటికి వదిలేవాళ్లు, తర్వాత ఆకుపచ్చ కార్డు ఒకటి దగ్గర పెట్టుకుని తిరగాలి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మా పని ఎలా ఉంటుందో చెప్తా. ఇల్లు మొత్తం కాలిపోయిన వాళ్లతో ఇన్వెంటరీ, అంటే పోయిన వస్తువుల జాబితా, రాయించటం చాలా కష్టం, అడిగితే "అంతా పోయిందండీ" అంటారు, అంతకు మించి ఏం రాదు. కొన్నేళ్ల కింద ఒక పెద్దావిడ, నల్లజాతి ఆవిడే, ఎనభై దాటాయి, ఇలాగే కూర్చుండిపోయింది. మాకు నేర్పిన పద్ధతి ఒకటే, కళ్లు మూసుకోమంటాం, గుమ్మంలోంచి లోపలికి రండి, ఎడమ పక్క ఏముంది, దాని మీద ఏముంది, పై అరలో ఏముంది అని మెల్లగా గది గదీ తిప్పుతాం. ఆవిడ నెమ్మదిగా మొదలుపెట్టి మూడు గంటలు చెప్పింది, కుట్టు మిషన్, దాని డ్రాయర్లో బొత్తాల డబ్బా, ఆ డబ్బా మూత మీద బొమ్మ కూడా. నేను రాస్తూనే ఉన్నా.

2021 మే 19న వయోలా ఫ్లెచర్ అమెరికా కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్తుంటే వీడియో చూసా. అప్పటికి ఆవిడకి 107 ఏళ్లు, ఆ రాత్రి నాటికి 7 ఏళ్ల పిల్ల. తుపాకీ కాల్పులకి పడిపోతున్న నల్లవాళ్లు ఇంకా కనిపిస్తున్నారు, వీధిలో శవాలు కనిపిస్తున్నాయి, పొగ వాసన ఇంకా వస్తోంది, పైన విమానాల చప్పుడు ఇంకా వినిపిస్తోంది అని ఒక్కోటీ చెప్పుకుంటూ పోయింది. నాకు వెంటనే ఆ బొత్తాల డబ్బా గుర్తొచ్చింది. ఆవిడ కూడా గది గదీ తిరుగుతోంది, వంద సంవత్సరాల తర్వాత, రాసుకోవటానికి ఒక్కరైనా వచ్చారని.

రిజెక్షన్

మా వాళ్లకి నేను గంటసేపు చెప్పే భాగం ఇది.

అప్పటి ఫైర్ పాలసీల్లో ఒక మామూలు లైన్ ఉండేది: దండయాత్ర, తిరుగుబాటు, అల్లర్లు, అంతర్యుద్ధం లాంటి వాటి వల్ల నేరుగా గానీ పరోక్షంగా గానీ నష్టం జరిగితే కంపెనీకి బాధ్యత లేదు. గ్రీన్‌వుడ్‌లో పాలసీలు ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు, ప్రీమియంలు టైంకి కట్టినవాళ్లు. ఊరి పేపర్లూ అధికారులూ దీనికి మొదటి రోజు నుంచి పెట్టిన పేరు "రేస్ రయట్", అంటే జాతి అల్లర్లు. రెండు గుంపులు కొట్టుకున్నాయన్నట్టు. ఆ పేరు అక్కడ పడింది, ఈ లైన్ ఇక్కడ సిద్ధంగా ఉంది, రెండూ కలిసేసరికి పని అయిపోయింది.

కోర్టు దాకా వెళ్లి తీర్పు మిగిల్చిన కేసు విలియమ్ రెడ్‌ఫెర్న్‌ది. ఆయన తెల్లవాడు, గ్రీన్‌వుడ్‌లో డిక్సీ థియేటర్, రెడ్ వింగ్ హోటల్ ఆయనవి, పాలసీలు మొత్తం 19,000 డాలర్లకి. అమెరికన్ సెంట్రల్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వనంది, ఆయన కేసేసాడు, ఓక్లహోమా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1926లో ఓడిపోయాడు. తీర్పు చదివితే కళ్లు తిరుగుతాయి, నల్లవాళ్లని పట్టుకెళ్లిన వాళ్లలో చాలామంది పోలీసు బ్యాడ్జీలు, డెప్యూటీ షెరీఫ్ బ్యాడ్జీలు పెట్టుకున్నారని, కొందరు సైనికుల బట్టల్లో ఉన్నారని, మేం చట్టం తరఫున వచ్చామని చెప్పుకున్నారని కోర్టే రాసింది. అదంతా రాసి కూడా చివరికి ఇది అల్లర్ల వల్ల జరిగిన నష్టమే, ఎక్స్‌క్లూజన్, అంటే కంపెనీకి బాధ్యత లేదన్న ఆ లైన్, వర్తిస్తుంది అని తేల్చేసింది. తెల్ల యజమానికే ఇలా జరిగితే పక్క బిల్డింగ్ నల్ల యజమాని ఏ ఆశతో కోర్టు మెట్లెక్కాలి చెప్పండి.

ప్రాక్సిమేట్ కాజ్ అని మనం క్లాసులో బట్టీ పడతాం కదా, నష్టానికి అసలు దగ్గరి కారణం ఏంటి అని. ఇక్కడ దగ్గరి కారణం ఏంటి? పోలీసు డిపార్ట్‌మెంట్ బ్యాడ్జీలు ఇచ్చిన మనుషులు, జనాన్ని ముందే ఖాళీ చేయించిన ఇళ్లకి, ఒక్కోదానికీ వెళ్లి అగ్గిపుల్ల గీయటం. ఫైల్ నా టేబుల్ మీదకొస్తే నేను దీన్ని అల్లర్లు అని రాయను, రాయలేను. ఇండియాలో మన స్టాండర్డ్ ఫైర్ పాలసీలో అల్లర్లు, సమ్మె, విధ్వంసం కవర్ కిందకే వస్తాయి, ఇక్కడ ఇప్పటి హోమ్ పాలసీల్లో కూడా అల్లర్లు కవరయ్యే ప్రమాదాల్లో ఒకటి. అంటే ఆ మాటకి సొంతంగా బరువేమీ లేదు, ఆ రోజు ఆ లైన్ ఏ వైపున రాసి ఉందన్నదే ఒక పేట మొత్తం తలరాత అయ్యింది. మన తెలుగు పేపర్లు కూడా ఎక్కడో ఒక వాడ మీద ఊరంతా పడి కొడితే "ఘర్షణ" అనో "అల్లర్లు" అనో హెడ్డింగ్ పెట్టేస్తాయి, అది చూసినప్పుడల్లా నాకు రెడ్‌ఫెర్న్ తీర్పే గుర్తొస్తుంది.

ఇన్సూరెన్స్ కాకుండా సిటీ మీద వేసిన క్లెయిములు వేరే ఉన్నాయి, అవి 18 లక్షల డాలర్ల పైమాటే, ఇప్పటి లెక్కలో సుమారు 3 కోట్ల డాలర్లు. సిటీ కమిషన్ ఒక్కటి తప్ప అన్నీ తిరస్కరించింది. చెల్లించింది ఒక తెల్ల షాపు యజమానికి, గుంపు తన షాపులోంచి ఎత్తుకెళ్లిన తుపాకుల కోసం.

ఇంకో దెబ్బ జూన్ 7న పడింది. పొగ కూడా పూర్తిగా ఆరలేదు, కాలిన చోట మళ్లీ కట్టాలంటే మంటకి తట్టుకునే మెటీరియల్‌తోనే కట్టాలని సిటీ కమిషన్ కొత్త రూల్ తెచ్చింది. చెక్క ఇల్లు పోయినవాడి దగ్గర ఇటుక ఇల్లు కట్టే డబ్బు ఎక్కడిది, స్థలం అమ్ముకుని పోతాడు, ఆ జాగా రైల్వే స్టేషన్‌కీ గోడౌన్లకీ పనికొస్తుంది, ప్లాన్ అదే. దీన్ని అడ్డుకున్నది బి.సి. ఫ్రాంక్లిన్ అనే లాయరు. ఆఫీసు కాలిపోతే టెంట్ వేసుకుని పని మొదలుపెట్టాడు, ఆ ఫోటో ఉంది, టెంట్ కింద టేబుల్, దాని మీద లా పుస్తకాలు, పక్కన పార్ట్‌నర్ స్పియర్స్, సెక్రటరీ ఎఫీ థాంప్సన్. జో లాకార్డ్ అనే ఇంటి యజమాని తరఫున మేయర్ టి.డి. ఎవాన్స్ మీద కేసేసి ఆ రూల్ కొట్టేయించారు. గ్రీన్‌వుడ్ మళ్లీ లేచిందంటే ఆ టెంట్ వల్లే, క్లెయిమ్ డబ్బుతో కాదు, సొంత డబ్బూ అప్పులూ చేసి కట్టుకున్నారు. మౌంట్ జయన్ చర్చి సంగతి చెప్తానన్నా కదా. ఇన్సూరెన్స్ రాలేదు, బిల్డింగ్ లేదు, 50,000 అప్పు మాత్రం ఉంది. లేని చర్చికి ఆ సంఘం వాళ్లు 1942 దాకా అప్పు కట్టారు, మొత్తం తీర్చేసాకే కొత్తది పూర్తి చేసుకుని 1952లో ప్రతిష్ఠ చేసుకున్నారు. ఈ ముక్క క్లాసులో చెప్పిన ప్రతిసారీ గది నిశ్శబ్దం అయిపోతుంది.

నేరం ఎవరిదన్న ఫైల్ కూడా అలాగే తలకిందులు చేసారు. జూన్ 25 నాటి గ్రాండ్ జ్యూరీ (ఎవరి మీద కేసు పెట్టాలో తేల్చే పౌరుల బృందం) రిపోర్టు తప్పంతా కోర్టు దగ్గరికొచ్చిన నల్లవాళ్లదే అంది, స్ట్రాడ్‌ఫోర్డ్, స్మిథర్‌మన్ మీద కేసులు పెట్టారు, ఇద్దరూ ఊరొదిలి పారిపోయారు. స్ట్రాడ్‌ఫోర్డ్ మీద కేసు తీసేసింది 1996లో.

ఫైల్ మళ్లీ ఎవరు తెరిచారు

స్కూలు పుస్తకాల్లో లేదు, ఊళ్లో మాట్లాడేవాళ్లు లేరు, భయంతో నల్లవాళ్లు పిల్లలకి చెప్పలేదు, సిగ్గుతోనో భయంతోనో తెల్లవాళ్లూ చెప్పలేదు. 1950ల్లో బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్లో డబ్ల్యూ.డి. విలియమ్స్ అనే టీచర్ ఒకరోజు పిల్లలతో ఈ ఊరిని ఒకప్పుడు తగలబెట్టారు అన్నాడు. డాన్ రాస్ అనే స్టూడెంట్ లేచి, అబద్ధం, గ్రీన్‌వుడ్ ఎప్పుడూ కాలలేదు అన్నాడు. ఆ పేటలోనే పెరిగిన కుర్రాడు! మర్నాడు టీచర్ ఫోటో ఆల్బమ్ తెచ్చి ముందు పెట్టాడు. ఆ టీచర్ ఎవరో కాదు, డ్రీమ్‌ల్యాండ్ థియేటర్ జాన్, లూలా విలియమ్స్ కొడుకు. అంటే నష్టపోయిన ఇంటి మనిషే సాక్ష్యం దాచిపెట్టి ఇంకో తరం చేతికి ఇచ్చాడు.

ఆ డాన్ రాస్ తర్వాత స్టేట్ లెజిస్లేచర్‌కి వెళ్లి 1997లో విచారణ కమిషన్ వేయించాడు. అంతకు ముందు 1971లో ఎడ్ వీలర్ అనే తెల్లాయన 50 ఏళ్ల సందర్భంగా వ్యాసం రాస్తే తెల్లవాళ్ల పత్రిక వేయలేదు, కారు అద్దం మీద సబ్బుతో బెదిరింపు రాసారు, చివరికి రాస్ నడిపే పత్రికే వేసింది. 2001 ఫిబ్రవరిలో కమిషన్ రిపోర్టు వచ్చింది, నష్టపరిహారం ఇవ్వాలని సిఫార్సు చేసింది, రాష్ట్రం డబ్బు ఇవ్వలేదు, బతికున్న వాళ్లకి మెడల్స్ ఇచ్చింది.

2003లో బాధితులు ఫెడరల్ కోర్టుకి వెళ్లారు, లిమిటేషన్, అంటే కేసు వేసే గడువు, దాటిపోయింది అని కొట్టేసారు. ఇది నాకు అన్నిటికంటే మింగుడుపడని భాగం. ఆ రోజుల్లో వీళ్లకి కోర్టు తలుపులు మూసి ఉన్నాయని జడ్జే ఒప్పుకున్నాడు, అయినా 1960ల్లో తెరుచుకున్నాయి కదా, అప్పుడెందుకు రాలేదని లెక్క. గ్రీన్‌వుడ్ మీదుగా ఐ-244 హైవే వేసి మిగిలిన పేటని చీల్చింది కూడా సరిగ్గా ఆ 1960ల్లోనే. కాగితాలు దాచేసి, మైక్రోఫిల్మ్ తీయకముందే పేపర్లో ఆ వార్త ఉన్న ముక్క చింపేసిన ఊళ్లో, ఆలస్యం క్లెయిమ్ చేసినవాడిది ఎలా అవుతుంది? మా దగ్గర కంపెనీయే సమాచారం దాస్తే ఆ గడువుని పాలసీదారు మీద వాడనివ్వరు.

పబ్లిక్ న్యూసెన్స్, అంటే జనానికి హాని చేసే పనుల మీద ఉన్న, చట్టం కింద బతికున్న ముగ్గురు, వయోలా ఫ్లెచర్, ఆవిడ తమ్ముడు హ్యూస్ వాన్ ఎల్లిస్, లెస్సీ రాండిల్, ఇంకోసారి వెళ్లారు. వాన్ ఎల్లిస్ 2023 అక్టోబర్‌లో 102 ఏళ్లకి పోయారు. 2024 జూన్ 12న ఓక్లహోమా సుప్రీంకోర్టు వాళ్ల బాధ న్యాయమైనదేనంటూనే ఈ చట్టం కిందకి రాదని 8-1తో కొట్టేసింది. 2025 జనవరిలో ఫెడరల్ న్యాయశాఖ ఇది సమన్వయంతో, సైన్యం తరహాలో జరిగిన దాడి అని రిపోర్టిచ్చింది, శిక్షించటానికి ఎవరూ మిగల్లేదు అని కూడా రాసింది. ఆ జూన్‌లో టల్సా మొదటి నల్లజాతి మేయర్ మన్రో నికోల్స్ 10.5 కోట్ల డాలర్ల ట్రస్ట్ ప్రకటించారు, ప్రైవేట్ విరాళాలతో, ఇళ్లకీ బిల్డింగ్‌లకీ స్కాలర్‌షిప్‌లకీ, నేరుగా చేతికి డబ్బు కాదు. మంచి పనే, ఆయన్ని తప్పు పట్టను, కానీ దాన్ని సెటిల్‌మెంట్ అని మాత్రం నేను రాయను. నవంబర్‌లో ఫ్లెచర్ 111 ఏళ్లకి చనిపోయారు, రాండిల్ ఒక్కరే మిగిలారు.

స్పాట్ విజిట్

డల్లాస్ నుంచి టల్సా కారులో నాలుగున్నర గంటలు. వెళ్లా, సర్వే చేసేవాడు స్థలం చూడకుండా రిపోర్ట్ రాయకూడదు కదా. గ్రీన్‌వుడ్ అవెన్యూ ఫుట్‌పాత్‌లో చిన్న చిన్న లోహపు పలకలు పాతారు, ఒక్కో షాపుకి ఒకటి, షాపు పేరు, అడ్రస్, 1921లో ధ్వంసం, కింద రెండు మాటల్లో ఒకటి: మళ్లీ తెరిచారు, లేదా మళ్లీ తెరవలేదు. తల వంచుకుని ఒక్కోటీ చదువుతూ నడిచా, పైన హైవే మీద లారీలు దడదడా పోతున్నాయి. మా ఇన్వెంటరీ ఫారంలో చివరి కాలమ్ కూడా అదే, రిపేర్ అవుతుందా, టోటల్ లాసా.

అక్కడి నుంచి ఓక్‌లాన్ శ్మశానానికి వెళ్లా. 2020 జూలైలో ఒక చోట తవ్వితే ఏమీ దొరకలేదు, తర్వాత పాత ఫ్యూనరల్ హోమ్ రికార్డులు పట్టుకుని, ఈ ఊచకోతలో పోయిన 18 మంది నల్లజాతి మగవాళ్లని ఒకచోట పాతారన్న ఆధారంతో ఇంకో వైపు అక్టోబర్‌లో తవ్వితే శవపేటికలు వరుసగా బయటపడ్డాయి. అలా దొరికిన వాళ్లలో ఒకాయన్ని 2024 జూలైలో డీఎన్‌ఏతో గుర్తుపట్టారు, పేరు సి.ఎల్. డేనియల్, జార్జియా వాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉన్నవాడు. నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆయన సైనిక ఫైల్ తీస్తే 1936 నాటి ఉత్తరం ఒకటి ఉంది, తల్లి తరఫున లాయరు సైన్యం నుంచి రావాల్సిన డబ్బు కోసం రాసింది, 1921లో టల్సాలో జరిగిన రేస్ రయట్‌లో కొడుకుని చంపేసారు అని. పదిహేనేళ్ల తర్వాత కూడా ఆ తల్లి క్లెయిమ్ వేస్తూనే ఉంది. అది ఇంకో 88 ఏళ్లు ఫైల్లోనే ఉండి, చివరికి కొడుకు పేరు తేల్చటానికి పనికొచ్చింది.